వచ్చేది వంద, పోయేది వంద

నరసాపురంలో పాండురంగం అనే పెద్దమనిషి ఉండేవాడు. దేవుడు అతనికి రెండు చేతులిచ్చినా, అతను వాడుకున్నది మాత్రం పుచ్చుకునే చేతినే.

చెడ్డవాడు కాదండోయ్. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనకండి. పెందలాడే లేచేవాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, రాముడి పటం ముందు కూర్చుని గొంతెత్తి పాడేవాడు. ఆ గొంతు ఎలాంటిదనుకున్నారు! బస్సు డిపోలో కంట్రోలరుగా ఉన్నన్నాళ్ళూ మైకు పాడైతే అతనికి లెక్కే లేదు. "పాలకొల్లు, భీమవరం, తాడేపల్లిగూడెం" అని ఒక్క కేక వేస్తే గోదావరి రేవులో పడవవాడు కూడా తలెత్తి చూసేవాడు. రిటైరయ్యాక ఆ గొంతంతా భజనకి వచ్చింది. రాముడు ఇచ్చిన గొంతు రాముడికే చేరింది. అంతవరకు బాగానే ఉంది. ఎటొచ్చీ, ఏ సంగతి ఎదురుపడినా అతని నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒక్కటే: "నాకెంత వస్తుంది?"

పక్కింటి రత్నమాల కొత్తావకాయ కలిపితే ఒక గిన్నెడు వీళ్ళింటికి పంపేది. ఎదురింటివాళ్ళు పనసపొట్టు కూర వండితే పంపేవారు. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మన ఇళ్ళలో ఉందా? లేదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపుతాం. పాండురంగం ఇంట్లో ఆ ఆనవాయితీ సగమే నడిచేది. గిన్నె వచ్చేది. అక్కడితో సరి. భార్య మంగతాయారు గుర్తు చేస్తే, "పంపుదాంలేవే, తొందరేముంది?" అనేవాడు. అలా తొందర లేక, లేక, వంటింటి అటక మీద ఊళ్ళోవాళ్ళ గిన్నెలన్నీ బోర్లించి పేరుకుపోయాయి. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించుకుంటారు కదా, ఆ అటక చూస్తే వీధి మొత్తం అక్కడే కాపురం ఉన్నట్టుండేది.

"ఏమండీ, మన వంటింట్లో మన పేరున్న గిన్నె ఎక్కడైనా కనిపిస్తోందా మీకు?" అని మంగతాయారు నవ్వుతూనే అడిగేది. నవ్వు పెదవుల మీదే ఉండేది. మనసులో మాత్రం పక్కింటి గుమ్మం ముందు నుంచి వెళ్ళాలంటే ఆవిడకు తల వంగిపోయేది.

ఇక అసలు కథకి వద్దాం.

ఆ ఊళ్ళో చూడామణమ్మ గారని ఒక మహాతల్లి ఉండేది. వీధిలో గోలీలాడుకునే పిల్లల్ని పోగుచేసి, చేతికి చిడతలిచ్చి, భజన నేర్పిన మనిషి. ఆ పిల్లల్లో పాండురంగం ఒకడు. తొలి ఏకాదశి నాడూ, ముక్కోటి ఏకాదశి నాడూ సూర్యుడు వచ్చినప్పటి నుంచి సూర్యుడు వెళ్ళేదాకా రామనామం తెగకుండా పాడాలని ఆవిడ నియమం పెట్టింది. ఒకరు ఊపిరి తీసుకునేలోపు ఇంకొకరు అందుకోవాలి. తుఫాన్లు వచ్చాయి. ఇంట్లో పెళ్ళిళ్ళు వచ్చాయి. వరద నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నామం మాత్రం ఏనాడూ తెగలేదు.

కాలం కాళ్ళు ముడుచుకు కూర్చోదు కదా! ఆ పిల్లల్లో అచ్యుతం ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి భిలాయి వెళ్ళాడు. భోగేశ్వరం వ్యాపారానికి బరంపురం వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. చూడామణమ్మ గారు రాజమండ్రిలో కూతురింటికి వెళ్ళి, స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి మంచాన పడింది. పడినా ఊరుకుందా? పాండురంగానికి ఫోను చేసింది.

"ఒరేయ్ పాండూ! నేను రాలేను కనక నామాన్నే నా మంచం దగ్గరికి రప్పించండిరా. ఫోన్లలో మనుషులు కనిపిస్తున్నారుగా! ఒక్కో ఇంట్లోంచి ఒక్కొక్కరు వంతు పాడండి. తెగకుండా నా చెవిన పడాలి. రేపు పైకి వెళ్ళాక రాముడు అడుగుతాడు, 'నామాన్ని ఎవరికి అప్పగించి వచ్చావమ్మా' అని. మీకు అని చెప్పాలా? ఎవరూ దొరకలేదు స్వామీ అని చెప్పాలా?"

పాండురంగం రాముడి పటం వైపు తిరిగి నిలబడ్డాడు. "మాకు అనే చెప్పమ్మా. నరసాపురం వంతు నాది. ఊళ్ళో భజన వాళ్ళందరినీ మా హాల్లోనే కూర్చోబెడతాను" అన్నాడు.

మాట ఇచ్చాడు సరే, ఇంట్లో ఉన్న ఇంటర్నెట్టు సంగతేమిటి? అది ఏనాటిదో పాత కనెక్షను. టీవీలో ప్రవచనం పెడితే స్వామివారు నోరు తెరిచి అలాగే నిలిచిపోయేవారు. అది ఉపదేశమో, ఆవలింతో తెలిసేది కాదు. "ఇలా లాభం లేదు, స్పీడు పెంచాల్సిందే" అనుకుని పాండురంగం కంపెనీలవాళ్ళను ఇంటికి పిలిపించాడు.

ముందు తారాజువ్వ నెట్ కంపెనీ నుంచి టై కట్టుకున్న కుర్రాడు వచ్చాడు. రంగురంగుల కాగితం చేతికిచ్చాడు.

"నాకెంత వస్తుంది?" అన్నాడు పాండురంగం.

"మూడు వందల ఎంబీ స్పీడు సార్! తీగ కూడా అక్కర్లేదు. టవర్ నుంచి గాల్లో నేరుగా మీ హాల్లోకి దిగుతుంది."

తర్వాత ఊళ్ళో ఫైబర్ తీగ వేసే కేబుల్ సత్తిరాజు స్కూటరు మీద వచ్చాడు.

"నీ దగ్గర నాకెంత వస్తుంది?"

"ఆయ్, వందండి. వచ్చేది వంద, పోయేది వంద. పోయేదంటే అండి..."

"ఆగాగు. పోయేదాంతో నాకేం పనయ్యా? వచ్చేది చెప్పు. మూడు వందలెక్కడ, నీ వందెక్కడ!"

"అదేదో ఆయన్ని చెప్పనివ్వండీ" అంది మంగతాయారు తలుపు దగ్గర నుంచి.

"చెప్పడానికేముందే? మూడు వందలు వందకంటే ఎక్కువని నీకు నేను చెప్పాలా?" అని పాండురంగం సత్తిరాజును మంచినీళ్ళు కూడా ఇవ్వకుండానే సాగనంపాడు.

హాల్లో తారాజువ్వ వారి తెల్లని పెట్టె వెలిసింది. మంగతాయారు దాని మీద అల్లిక లేసు గుడ్డ కప్పింది. నరసాపురం ఇల్లు కదా, ఫ్రిజ్జుకీ మిక్సీకీ ఉన్న లేసు మర్యాద దీనికి మాత్రం ఎందుకు ఉండకూడదు? పాండురంగం టీవీ పెట్టాడు. ఆహా! స్వామివారు ఆగకుండా మాట్లాడుతున్నారు. ఆయన మెళ్ళో తులసి పూసలు లెక్కపెట్టొచ్చు. వీధిలో వాళ్ళని పిలిచి చూపించాడు. "వరద గోదావరిలా వచ్చి పడుతోంది చూశారా!" అన్నాడు. రోజంతా చూశాడు. మర్నాడూ చూశాడు. ఎన్ని చూశాడో గానీ, ఒక్కసారైనా ఆ పెట్టె ముందు కూర్చుని తను పాడితే అవతలివాళ్ళకి ఎలా వినిపిస్తుందో మాత్రం చూసుకోలేదు. ఆ ఆలోచనే రాలేదు పాపం. పుచ్చుకుని చూడటమే అతనికి తెలిసిన పరీక్ష.

తొలి ఏకాదశి వచ్చింది. ఆషాఢం వాన పట్టుకుంది. నరసాపురంలో పాండురంగం హాలు, భిలాయిలో అచ్యుతం ఇల్లు, బరంపురంలో భోగేశ్వరం ఇల్లు, రాజమండ్రిలో చూడామణమ్మ గారి మంచం, నాలుగూ ఒక్క తెర మీదికి వచ్చాయి. పెద్దావిడను దిండ్ల మీద ఆనించి కూర్చోబెట్టారు. చేతిలో చిడతలు పెట్టుకుంది.

సూర్యోదయాన భోగేశ్వరం నామం ఎత్తుకున్నాడు. తర్వాత అచ్యుతం అందుకున్నాడు. పాండురంగం హాల్లో ఆ పాట గలగలా పారుతోంది. డోలక్కు మీద వేలు ఎక్కడ పడిందో కూడా వినిపిస్తోంది. పాండురంగం మంగతాయారు వైపు గర్వంగా చూశాడు. "మూడు వందలంటే ఇదే" అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

అతని వంతు వచ్చింది. అచ్యుతం చివరి నామం మీద ఉండగానే అందుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. హార్మోనియం కదిలింది. తాళాలు మోగాయి. బయట వాన, లోపల నామం. తన జన్మలో అంత బాగా పాడలేదనిపించింది అతనికి. డిపోలో మోగిన గొంతు, చూడామణమ్మ గారు దిద్దిన గొంతు, గోడలు దాటి, గోదావరి దాటి వెళ్ళిపోతోందనుకున్నాడు.

ఎక్కడికీ వెళ్ళలేదు. గుమ్మం కూడా దాటలేదు.

మంగతాయారు చెయ్యి పట్టుకు కుదిపితే కళ్ళు తెరిచాడు. తెర మీద అచ్యుతం రెండు చేతులూ ఊపుతున్నాడు. భోగేశ్వరం చెవి దగ్గర చెయ్యి పెట్టి ముందుకు వంగుతున్నాడు. వాళ్ళ తెరల మీద పాండురంగం నోరు తెరుచుకుని బొమ్మలా నిలిచిపోయాడు, అచ్చం వెనకటి స్వామివారిలాగే. ఒక ముక్క వినిపిస్తోంది, పది ముక్కలు మాయమవుతున్నాయి. "ఇప్పుడొస్తాడు, ఇదిగో వచ్చేస్తాడు" అని వాళ్ళిద్దరూ ఎదురుచూస్తున్నారు. నామం తెగే క్షణం వచ్చేసింది.

అప్పుడు సన్నటి గొంతు ఒకటి వినిపించింది. చూడామణమ్మ గారిది. ఎవరి కోసమూ ఎదురుచూడలేదు ఆ తల్లి. మంచం మీద నుంచే నామాన్ని అందుకుంది. ఒక్కతే. ఊపిరి చాలడం లేదు. మధ్యలో దగ్గు. దగ్గులో కూడా నామమే. అచ్యుతం తేరుకుని డోలక్కు లాక్కుని గొంతు కలిపేదాకా ఆవిడ ఆ పోగును తెగనివ్వలేదు. తర్వాత దిండు మీద ఒరిగిపోయింది. చిడతలు చేతిలోంచి జారాయి. కూతురు శకుంతల పరుగెత్తుకు రావడం పాండురంగానికి స్పష్టంగా కనిపించింది. అంతా స్పష్టంగానే కనిపించింది మరి, వచ్చేది మూడు వందలాయె!

నామం దక్కింది. మిగతా రోజంతా అచ్యుతం, భోగేశ్వరమే లాక్కొచ్చారు. సాయంత్రం శకుంతల ఫోను చేసింది.

"అన్నయ్యా, అమ్మ బాగానే ఉంది. గొంతు మాత్రం పూర్తిగా పట్టేసింది. ఇక పాడే పనే పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. ముక్కోటికి ఏం జరిగినా ఈసారి అమ్మ అందుకోలేదు. అది మీరు గుర్తుపెట్టుకోవాలి."

పాండురంగం తారాజువ్వ వాళ్ళకు ఫోను చేసి విరుచుకుపడ్డాడు. "మూడు వందలని చెప్పి మోసం చేస్తారా?"

అవతల ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మూడు వందలు మీకు వస్తున్నాయి కదా సార్?"

"వస్తున్నాయి."

"అది డౌన్‌లోడ్ సార్, మీ ఇంటికి వచ్చేది. మీ ఇంట్లోంచి బయటికి పోయేది అప్‌లోడ్. ఈ ప్లానులో అది చాలా తక్కువ. వానలో ఇంకా తగ్గుతుంది. పోయేది ఎంత అని మీరు అడిగారా సార్?"

పాండురంగం ఫోను పెట్టేశాడు. అడగలేదు. చెప్పబోయిన మనిషినీ చెప్పనివ్వలేదు.

వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాడు. మంగతాయారు ముక్కాలి పీట ఎక్కి అటక మీద గిన్నెలు దింపుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"రత్నమాల గారి గిన్నె వెతుకుతున్నాను. ఆవిడ ఇవాళ కూడా ఉపవాసం వాళ్ళకని అటుకుల ప్రసాదం పంపింది. కొత్త గిన్నెలో." ఒక గిన్నె తుడిచి కింద పెట్టింది. ఇంకోటి తుడిచింది. "ఆ పెట్టెని ఏమీ అనకండి. దానికీ మన అటకకీ తేడా ఏముంది చెప్పండి? అన్నీ వస్తాయి. ఒక్కటీ పోదు."

కోపంగా అనలేదు ఆవిడ. అదే అతనికి ఎక్కువ తగిలింది. గిన్నెల మీద పేర్లు ఒక్కొక్కటీ చదివాడు. రత్నమాల. సుందరరామయ్య. దుర్గాంబ. కింద వరసలో ఒక పాత ఇత్తడి గిన్నె. దాని మీద వంకర టింకర అక్షరాలు: చూడామణి. ఏనాడో శ్రీరామనవమికి పానకం పోసి పంపిన గిన్నె.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని రాముడి పటం ముందు కూర్చున్నాడు. ఆ రోజు పాడలేదు. "స్వామీ, నువ్విచ్చిన గొంతు నా ఇంట్లోనే ఉండిపోయిందా?" అని అడిగాడు. రాముడు నోరు తెరిచి చెప్పడు కదండీ! కానీ ఒక్కోసారి అటక మీది గిన్నెలతో చెప్పిస్తాడు.

మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. మంగతాయారు సున్నుండలు కట్టింది. పులిహోర కలిపింది. పాండురంగం పంచె ఎగ్గట్టి, రెండు చేతులా గిన్నెలు పట్టుకుని వీధిలోకి దిగాడు. పుచ్చుకునే చెయ్యి, ఇచ్చే చెయ్యి, రెండూ నిండుగా ఉండటం ఆ వీధివాళ్ళు చూడటం అదే మొదలు.

రత్నమాల గుమ్మంలోనే ముక్కున వేలేసుకుంది. "ఇది మా గిన్నేనా? మా పెద్దాడి బారసాల నాటిది! వాడికి మొన్న పెళ్ళి కూడా అయిపోయింది అన్నయ్యగారూ!"

"ఆలస్యమైందమ్మా" అన్నాడు పాండురంగం తల దించుకుని. "ఒక మాట అడగనా? మీ ఇంట్లో నెట్టు ఎవరిది? మీరు మాట్లాడితే అవతలివాళ్ళకి వినిపిస్తుందా?"

"సత్తిరాజు ఫైబర్. కోడలు పొద్దస్తమానం ఇంట్లోంచే పిల్లలకు పాఠాలు చెబుతోంది. తను మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది. మీకే, ఇన్నాళ్ళూ మేము మాట్లాడితే వినిపించినట్టు లేదు!"

పాండురంగం నవ్వేశాడు. తగిలినా నవ్వాడు. అలా ఇల్లిల్లూ తిరిగాడు. గిన్నె ఇవ్వడం, నెట్టు సంగతి అడగడం. ఇప్పుడు అడిగే ప్రశ్నలు వేరు. "మీ ఇంట్లోంచి పోయేది ఎంత? వానకి నిలబడుతుందా? పాడైతే మనిషి వస్తాడా, ఫోనులో పాట వస్తుందా?" దుర్గాంబ వాళ్ళది ఇంకో పెద్ద కంపెనీ. స్పీడు బాగానే ఉంది గానీ, చెడిపోతే ఏ ఊళ్ళోనో ఉన్నవాళ్ళకి మొరపెట్టుకోవాలి. సుందరరామయ్యది సత్తిరాజు తీగే. "క్రితం గాలివానకి తెగింది. గొడుగేసుకుని వచ్చి అతికించి పోయాడు" అన్నాడు. అన్నీ విన్నాడు. ప్లాన్ల కాగితాలు మళ్ళీ తెచ్చుకుని, ఈసారి అప్‌లోడ్ రాసి ఉన్న రెండో వరస కూడా చదివాడు. చివరికి తనే నడుచుకుంటూ సత్తిరాజు కొట్టుకి వెళ్ళాడు. ఆ ఇత్తడి గిన్నె తప్ప పాత గిన్నెలన్నీ అయిపోయాయి గనక, పేరు లేని డబ్బాలో సున్నుండలు పట్టుకెళ్ళాడు.

"వచ్చేది వందేనండోయ్. మీకు తక్కువవుద్దేమో!" అన్నాడు సత్తిరాజు ఓరగా చూస్తూ.

"వచ్చేదాని సంగతి వదిలెయ్యవయ్యా. పోయేది చెప్పు."

"ఆయ్, అదీ వందేనండి."

"అయితే ఇవాళే బిగించు. సున్నుండ తిను ముందు."

ఫైబర్ తీగ హాల్లోకి వచ్చింది. మంగతాయారు లేసు గుడ్డ పట్టుకు రాబోతే, "దానికి ముసుగెందుకే, ఊపిరాడనీ" అన్నాడు పాండురంగం. ఈసారి టీవీ పెట్టలేదు. అచ్యుతాన్ని పిలిచి, "నేను పాడతాను, నీకెలా వినిపిస్తుందో చెప్పు" అన్నాడు. వానలో పాడి చూశాడు. వీధిలో అందరూ సినిమాలు చూసే వేళ పాడి చూశాడు. "బాబూ, వినిపిస్తోంది, మా ఆవిడ పడుకోవాలి, ఇక ఆపు" అని అచ్యుతం చేతులు జోడించేదాకా పాడి చూశాడు.

ముక్కోటి ఏకాదశి వచ్చింది. ధనుర్మాసపు చలి. గుమ్మాల్లో ముగ్గులు, ముగ్గుల్లో గొబ్బెమ్మలు. పాండురంగం హాలు ఆ రోజు కిటకిటలాడిపోయింది. గిన్నెలు ఎవరెవరి ఇంటికి వెళ్ళాయో వాళ్ళందరూ వచ్చారు. రత్నమాల తన గిన్నెలో దద్ధ్యోదనం పట్టుకుని మరీ వచ్చింది. "గిన్నె ఇక్కడ వదిలిపెట్టి వెళ్ళొచ్చా అన్నయ్యగారూ, లేకపోతే మనవడి పెళ్ళికి గానీ రాదా?" అంది. హాలంతా గొల్లుమంది. పాండురంగం అందరికంటే గట్టిగా నవ్వాడు.

తెర మీద నాలుగు ఇళ్ళూ కనిపించాయి. చూడామణమ్మ గారు దిండ్ల మీద కూర్చుంది. మెడకు శాలువా చుట్టారు. నోరు మెదపకూడదని శకుంతల కాపలా కూర్చుంది. పెద్దావిడ చేతుల్లో చిడతలు లేవు. పాండురంగం ఆ ఖాళీ చేతుల వైపే చూశాడు. ఈసారి తెగిందా, అందుకునే తల్లి లేదు.

నామం మొదలైంది. భోగేశ్వరం పాడాడు. పాండురంగం పాడాడు. వినిపిస్తోందని అచ్యుతం బొటనవేలు ఎత్తి చూపించాడు. ఎండ ఎక్కింది. ఎండ వాలింది. ఇక సూర్యాస్తమయానికి ఎంతో లేదు. అచ్యుతం వంతు నడుస్తోంది. భోగేశ్వరం తన ఇంట్లో హారతికి కర్పూరం వెతకడానికి లేచాడు.

నామంలో సగం అక్షరం అచ్యుతం నోట్లో ఉండగానే భిలాయి ఇల్లు తెర మీద నల్లబడిపోయింది. అక్కడ కరెంటు పోయింది.

శకుంతల కెవ్వుమంది. పెద్దావిడ పెదవులు విడివడ్డాయి.

ఆ మిగతా సగం అక్షరం నరసాపురం నుంచి వచ్చింది.

ఎలా వచ్చిందంటారా? తొలి ఏకాదశి నాడు పాండురంగం వేరేవాళ్ళ వంతులో హాయిగా ఆనుకుని వింటూ కూర్చున్నాడు. ఇవాళ అలా కూర్చోలేదు. తన వంతు కాకపోయినా లోగొంతుకతో వెంట వస్తూనే ఉన్నాడు, అవతలివాడి చెయ్యి జారితే పట్టుకోవడానికి. జారింది. పట్టుకున్నాడు. మూసిన గొంతు ఒక్కసారి తెరిచాడు. డిపో గొంతు! రేవు దాకా వెళ్ళే గొంతు! అది హాలు దాటింది, వీధి దాటింది, సన్నని గాజు ఫైబర్ తీగలో పడి రాజమండ్రిలో మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఒక్క ముక్క తెగలేదు. ఒక్క అక్షరం రాలిపోలేదు.

అచ్యుతం తిరిగి రాలేదు. భోగేశ్వరం పరుగెత్తుకొచ్చి వంత కలిపాడు. పాండురంగం ఆపలేదు. తన వంతు పాడాడు, అచ్యుతం వంతు పాడాడు. గొంతు బరువెక్కి వణికేసరికి పక్క నుంచి ఒక కొత్త గొంతు లేచింది. చూస్తే రత్నమాల! అంత కమ్మగా పాడుతుందని ఇన్నేళ్ళుగా పక్క గోడకే తెలియదు. సుందరరామయ్య తాళం అందుకున్నాడు. దుర్గాంబ గొంతు కలిపింది. అటక మీద బోర్లించి ఉన్న పేర్లన్నీ ఇప్పుడు హాల్లో నిలబడి పాడుతున్నాయి. మంగతాయారు కళ్ళు తుడుచుకుంటూ, తల ఎత్తుకుని, వాళ్ళందరి మధ్యా చప్పట్లు కొడుతోంది.

అప్పుడు తెర మీద పెద్దావిడ చేతులు కదిలాయి. చిడతలు లేకపోతేనేం? రెండు అరచేతులూ కలిపి తాళం వేసింది. నరసాపురం పాడింది. బరంపురం పాడింది. రాజమండ్రి తాళం వేసింది. పడమట కొబ్బరితోటల వెనక సూర్యుడు మునిగేదాకా నామం తెగకుండా సాగి, మంగళహారతిలో కలిసింది.

శకుంతల వద్దంటున్నా వినకుండా, చూడామణమ్మ గారు ఫోను దగ్గరికి వంగింది. బొంగురు గొంతు.

"ఒరేయ్ పాండూ! వచ్చిందిరా. నీ గొంతు మా ఇంటిదాకా వచ్చింది. రాముడు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసిపోయింది." ఊపిరి తీసుకుంది. కళ్ళు మిలమిలలాడాయి. "అలాగని రేపే వెళ్తాననుకోకు. నా ఇత్తడి గిన్నె నీ దగ్గరే ఉందని తాయారు చెప్పింది. అది నిండుగా నా చేతికి వచ్చేదాకా నేను కదిలేది లేదు!"

హాలంతా నవ్వులు, కన్నీళ్ళు కలగలిసిపోయాయి. పాండురంగం తెల్లారే మొదటి బస్సుకి రాజమండ్రి వెళ్ళాడు. ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అందులో చక్రపొంగలి. పైన మంగతాయారు లేసు గుడ్డ.

ఆ పాడవద్దన్న డాక్టరు కూడా ఆ పొంగలి తిన్నాడట. తర్వాతి తొలి ఏకాదశికి "ఒక్క నామం పాడుకోవచ్చు" అన్నాడట. ఆవిడ ఒక్కటితో ఆపిందా? నన్నడగకండి, మీకే తెలుసు.

ఇప్పుడు నరసాపురంలో ఆ వీధికి వెళ్ళి ఎవరి వంటింటి అటక చూసినా ఒక గిన్నె కనిపిస్తుంది. దాని మీద కొత్తగా చెక్కించిన అక్షరాలుంటాయి: పాండురంగం. ఎవరింట్లో పండగైనా ముందు ఆ గిన్నె వస్తుంది. మీరు తిరిగి పంపడం ఆలస్యమైనా అతను ఏమీ అనుకోడు. ఎవరైనా ఇంటర్నెట్టు మార్చుకుంటూ సలహా అడిగితే మాత్రం వేలు ఎత్తి, "వచ్చేది ఎంతో తర్వాత అడుగు నాయనా, పోయేది ఎంతో ముందడుగు" అంటాడు.

కాబట్టి, నాయనలారా, అమ్మలారా, ఈ కథలోని నీతి ఇది: మన ఇంటికి ఎంత వస్తోందన్నది మన అదృష్టం, మన ఇంట్లోంచి ఎంత పోతోందన్నదే మన విలువ, పుచ్చుకున్నంత వేగంగా ఇవ్వడం నేర్చుకున్నవాడి గొంతే నలుగురికీ వినిపిస్తుంది, దేవుడికీ వినిపిస్తుంది.